న్యూజెర్సీలో గంజాయి లీగలే కదా అని అడిగిన తమ్ముడికి

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను తమ్ముడూ. జెర్సీ సిటీలో ఉంటున్నావు, ఎంఎస్ అయిపోయి ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక ఉద్యోగ అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నావు, ఉద్యోగ వీసా హెచ్-1బీ అప్రూవ్ అయింది, డిసెంబరులో హైదరాబాద్ వెళ్లి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి. పోయినేడు డెన్వర్ ట్రిప్‌లో ఫ్రెండ్స్‌తో డిస్పెన్సరీకి, అంటే గంజాయి దుకాణానికి వెళ్లి గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు, గమ్మీలు కొన్నారు, ఒకటి తిన్నావు, షాపు ముందు నిలబడి తీసుకున్న ఫొటో ఇన్‌స్టాలో ఉంది. ఇప్పుడు రూమ్మేట్ ఫ్రిజ్‌లో ఇక్కడ కొన్న డబ్బా ఒకటి ఉంది. అందులో కొన్ని నాన్నగారి మోకాళ్ల నొప్పికి పట్టుకెళ్లమని వాడు చెబుతున్నాడు. "ఇక్కడ లీగలే కదక్కా, భయపడాల్సింది ఏమైనా ఉందా?" అని నీ ప్రశ్న.

భయపడాల్సిన విషయాలు ఉన్నాయి. అన్నీ ఒకే స్థాయివి కావు, కొన్ని నీ చేతిలోనే ఉన్నాయి. వివరంగానే రాస్తాను. నేను లాయరును కాను. పదిహేడేళ్లుగా ఇక్కడ ఇమ్మిగ్రేషన్ లాయర్ల పక్కన కూర్చుని ఫైళ్లు తయారుచేస్తున్నాను. ఈ ఒక్క విషయంలో మన పిల్లలు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. రాష్ట్రం తెచ్చిన చట్టాన్ని చదువుతారు. ఆ చట్టం తమ గురించి ఏమీ చెప్పడం లేదన్న సంగతి గమనించరు.

ముందు రాష్ట్రాల సంగతి చూద్దాం. 2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ ఓటర్లు మొదటిసారి సరదా వాడకానికి ఒప్పుకున్నారు. 2014 జనవరి 1న కొలరాడోలో దుకాణాలు తెరుచుకున్నాయి. కాలిఫోర్నియా 2016లో ఓటేసి 2018 నుంచి అమ్మకాలు మొదలుపెట్టింది. ఇల్లినాయి 2020 జనవరి 1న, మన న్యూజెర్సీ 2022 ఏప్రిల్ 21న దుకాణాలు తెరిచాయి. న్యూయార్క్ చట్టం 2021 మార్చి 31న వచ్చింది. 2025 నాటికి 24 రాష్ట్రాలు, వాటితోపాటు వాషింగ్టన్ డీసీ ఈ దారిలో ఉన్నాయి. అన్నిచోట్లా కనీస వయసు 21. ఇంతవరకే అన్నీ ఒకటి, ఆపైన దేని దారి దానిదే.

న్యూజెర్సీలో 6 ఔన్సుల వరకు, అంటే దాదాపు 170 గ్రాములు, దగ్గర ఉంచుకోవచ్చు. కానీ ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. నది దాటి న్యూయార్క్‌లో అడుగుపెడితే 3 ఔన్సులే పరిమితి, అయితే అక్కడ మొక్కలు పెంచుకోనిస్తారు. కాలిఫోర్నియాలో 28.5 గ్రాములు. ఇల్లినాయిలో స్థానికుడికి 30 గ్రాములు, బయటి రాష్ట్రంవాడికి అందులో సగం, 15. వర్జీనియాలో 2021 జులై నుంచి కొద్దిగా దగ్గర ఉంచుకుంటే తప్పు కాదు గానీ, కొనడానికి దుకాణాలు మాత్రం ఏళ్ల తరబడి తెరుచుకోలేదు. ఫ్లోరిడాలో 2024లో సుమారు 56 శాతం మంది అవునన్నా 60 శాతం కావాల్సి రావడంతో వీగిపోయింది. ఇక మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినాల్లో సరదా వాడకం నేరమే.

మన భాషలో చెప్పాలంటే రాష్ట్ర చట్టం గ్రామ పంచాయతీ లేఅవుట్ లాంటిది. సర్పంచి సంతకం ఉంది, రోడ్లు వేశారు, రాళ్లు పాతారు, పక్క ప్లాటువాడు ఇల్లు కూడా కట్టేశాడు. అంతా సక్రమంగానే కనిపిస్తుంది. నువ్వు లోను కోసం బ్యాంకుకు వెళ్లిన రోజున, హెచ్‌ఎండీఏ అనుమతి ఏదీ అని అడుగుతారు. పంచాయతీ కాగితం అబద్ధం కాదు, కానీ అది బ్యాంకులో చెల్లదు. నీ వీసా, గ్రీన్ కార్డు, పౌరసత్వం అన్నీ ఆ బ్యాంకు కౌంటరు దగ్గర తేలే వ్యవహారాలే. అక్కడ చూసేది ఫెడరల్ చట్టాన్ని.

ఫెడరల్ చట్టం 1970 నాటిది, దాని పేరు కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్. గంజాయిని అందులో హెరాయిన్ ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే పెట్టారు. రాష్ట్రం ఒప్పుకున్నాక కేంద్రం ఎలా కాదంటుంది అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాలిఫోర్నియాలో జబ్బు కోసం ఇంట్లో పెంచుకున్న గంజాయి మీద కూడా కేంద్ర చట్టం పనిచేస్తుందని 2005లో గొంజాలెస్ వర్సెస్ రైచ్ కేసులో తీర్పు వచ్చింది. ఆ తర్వాత 2013లో ఒబామా హయాంలో, రాష్ట్ర నియమాలు పాటించేవాళ్ల జోలికి పోవద్దని న్యాయశాఖ ఒక మెమో ఇచ్చింది. 2018 జనవరిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంటే దుకాణాలు నడుస్తున్నది ఫెడరల్ చట్టం మారినందువల్ల కాదు, ఫెడరల్ పోలీసులు పట్టించుకోనందువల్ల. అమెరికన్ పౌరుడికి ఆ తేడా పెద్దగా తగలదు, మనకు తగులుతుంది.

ఇప్పుడు మొదటి షెడ్యూల్ నుంచి మూడో షెడ్యూల్‌కు మార్చే విషయం నడుస్తోంది కదా అని నువ్వు అడగొచ్చు. 2024లో న్యాయశాఖ ప్రతిపాదించింది, 2025 డిసెంబరులో దాన్ని త్వరగా తేల్చమని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. ఈ వార్త వచ్చిన వారంలో నాకు ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. అందరికీ ఒకటే చెప్పాను. ఇమ్మిగ్రేషన్ చట్టంలో రాసున్నది "కంట్రోల్డ్ సబ్‌స్టాన్స్" అనే మాట, అది ఏ షెడ్యూల్‌లో ఉన్నదన్నది కాదు. మూడోదానికి మారినా అది ఆ జాబితాలోనే ఉంటుంది, మనకు ఏమీ మారదు.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది, కాస్త నిదానంగా చదువు. నేరం రుజువై శిక్ష పడితేనే సమస్య అని అందరూ అనుకుంటారు. అమెరికాలోకి రానివ్వాలా వద్దా అని తేల్చే సెక్షన్‌లో నిన్ను ఆపడానికి రెండు దారులున్నాయి. ఒకటి మత్తుపదార్థాల కేసులో కన్విక్షన్, అంటే కోర్టులో నేరం రుజువు కావడం. రెండోది నువ్వే నోటితో ఒప్పుకోవడం. అరెస్టు అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు. "ఫలానా చోట కొన్నాను, నా దగ్గర ఉంచుకున్నాను, అది గంజాయి అని నాకు తెలుసు" అని ఆఫీసరు ముందు చెబితే నేరంలోని అంశాలన్నీ ఒప్పుకున్నట్టే లెక్క కట్టే అవకాశం ఉంది. "కానీ డెన్వర్‌లో లీగల్ కదా సార్" అంటే అది రక్షణ కాదు, ఒప్పుకోలుకు ఇంకాస్త బలం.

ఆ ఒప్పుకోలు చెల్లడానికి పద్ధతి ఉంది. 1957 నాటి ఒక తీర్పు ప్రకారం, ఆ నేరం అంటే ఏమిటో ముందుగా మామూలు మాటల్లో వివరించాలి, ఒప్పుకోవడం స్వచ్ఛందంగా ఉండాలి. అయితే స్టాంపింగ్ కిటికీ దగ్గరో, ఎయిర్‌పోర్టు లోపలి గదిలోనో పద్ధతి సరిగ్గా పాటించారా లేదా అని వాదించే పరిస్థితి నీకుండదు. కాన్సులర్ ఆఫీసరు నిర్ణయం మీద కోర్టుకు వెళ్లడం దాదాపు కుదరని పని.

ఇంకో చోటు ఉంది, ఎవరూ ఊహించరు. మెడికల్ పరీక్ష. గ్రీన్ కార్డు కోసం డాక్టరు దగ్గరికి వెళతారు. టీకాల కాగితాలు చూస్తూ, రక్తం తీసుకుంటూ, కబుర్లు చెబుతున్నట్టే "స్మోకింగ్ ఉందా? ఆల్కహాల్? గంజాయి ఎప్పుడైనా?" అని అడుగుతారు. డాక్టరుతో నిజం చెప్పాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాళ్లం, గబుక్కున చెప్పేస్తాం. ఆ డాక్టరు నీ వైద్యుడు కాదు తమ్ముడూ, ప్రభుత్వం కోసం ఫారం నింపే మనిషి. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒకాయన వీసా మెడికల్‌లో కుర్రతనంలో గంజాయి తాగానని డాక్టరుకు చెప్పాడు. ఆ మాటనే నేరం ఒప్పుకోవడంగా తీసుకోవడం సరైనదేనని 2002లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. అది కాకుండా, వాడకం అలవాటుగా ఉందని డాక్టరు రాస్తే, ఆరోగ్య కారణం మీదనే దరఖాస్తు ఆగిపోతుంది. మానేసి ఏడాదైనా గడిచిందని చూపిస్తేగానీ కదలదు.

అందుకని అబద్ధం చెప్పమంటున్నానా? ఒట్టు, కాదు. ఈ మొత్తంలో తిరిగి సరిచేసుకోలేని తప్పు ఏదైనా ఉంటే అది అబద్ధమే. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తప్పు చెప్పారని తేలితే జీవితాంతం నిషేధం. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో మత్తుపదార్థాలకు సంబంధించిన ఏదైనా చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించావా అని ప్రశ్న ఉంటుంది, డ్రగ్స్‌కు అలవాటుపడ్డావా అని ఇంకో ప్రశ్న. గ్రీన్ కార్డుకు వేసే ఐ-485లో, పౌరసత్వానికి వేసే ఎన్-400లో కూడా ఇలాంటివే ఉంటాయి. ఆ గడిలో అవునా కాదా ఏది పెట్టాలో నేను ఇక్కడ చెప్పను, ఇంకెవరైనా చెప్పినా వినకు. ఫారం నింపకముందే ఇమ్మిగ్రేషన్ లాయరుకు గంట ఫీజు ఇచ్చి కూర్చో, జరిగింది జరిగినట్టు చెప్పు. లాయరుతో చెప్పింది బయటికి పోదు. నీ కన్సల్టెన్సీ హెచ్‌ఆర్ పంపే లాయరు కంపెనీకి కూడా లాయరే కాబట్టి, ఈ ఒక్క విషయానికి వేరే మనిషిని చూసుకో. నీది తాత్కాలిక వీసా, దానికి వెయివర్, అంటే ప్రత్యేక మినహాయింపు, అనే దారి ఒకటుంది, సమయం పడుతుంది. రేపు గ్రీన్ కార్డు దగ్గర ఆ దారి బాగా ఇరుకవుతుంది. 30 గ్రాముల లోపు గంజాయి, ఒక్కసారి మాత్రమే అయితే ఒక మినహాయింపు అడగొచ్చు. దానికి కూడా పదిహేనేళ్లు గడిచి ఉండాలి, లేదా పౌరులో గ్రీన్ కార్డుదారులో అయిన భార్య, తల్లిదండ్రులు, పిల్లలు ఉండి, నువ్వు లేకపోతే వాళ్లకు తీవ్రమైన కష్టమని నిరూపించాలి.

ఆ 30 గ్రాముల మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లయినా, వీసా మీద ఉన్నవాళ్లయినా, సొంత వాడకానికి 30 గ్రాముల లోపు ఉంచుకున్న ఒక్క కేసు అయితే ఆ కారణంగా డిపోర్ట్ చేయడానికి లేదు. అది నిజమే. కానీ లోపల ఉన్నవాడిని పంపించే సెక్షన్ వేరు, బయటి నుంచి వచ్చేవాడిని ఆపే సెక్షన్ వేరు. రెండోదాంట్లో ఆ మినహాయింపు లేదు. గ్రీన్ కార్డున్న మనిషి పాత చిన్న కేసుతో ఎడిసన్‌లో పదేళ్లు ప్రశాంతంగా ఉండొచ్చు. చెల్లెలి పెళ్లికి గుంటూరు వెళ్లి తిరిగి జేఎఫ్‌కేలో దిగినప్పుడు, కొత్తగా లోపలికి రావాలనుకుంటున్నవాడి కింద లెక్క కడతారు. పెళ్లికి వెళ్లకముందు లాయరును అడిగి ఉంటే అని ఏడ్చినవాళ్లను చూశాను.

రాష్ట్ర కోర్టు రికార్డు చెరిపేసింది, ఎక్స్‌పంజ్ అయింది కాబట్టి లేనట్టే అనుకోవద్దు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్‌కు సొంత నిర్వచనం ఉంది. నేరం ఒప్పుకుని జడ్జి ఏదో ఒక శిక్షో షరతో విధిస్తే చాలు, తర్వాత కేసు కొట్టేసినా అది మిగిలే ఉంటుంది. 2022 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ గంజాయి దగ్గర ఉంచుకున్న ఫెడరల్ కేసులకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కూడా అది పౌరులకు, గ్రీన్ కార్డుదారులకు మాత్రమే. ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బీ వాళ్లు అందులో లేరు. ఎప్పుడైనా కేసు పడితే, "చిన్నదేనమ్మా, ఒప్పేసుకో, ఫైన్ కట్టి ఇంటికెళ్లు" అనే క్రిమినల్ లాయరు మాట మీద సంతకం పెట్టొద్దు. కెంటకీలో ట్రక్కులో గంజాయి తీసుకెళుతూ దొరికిన పాడిల్లా అనే ఆయన వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు, దశాబ్దాలుగా గ్రీన్ కార్డు మీద ఉన్నవాడు. ఇన్నేళ్లుగా ఉంటున్నావు, ఇమ్మిగ్రేషన్ గురించి బెంగ అక్కర్లేదని లాయరు చెబితే ఒప్పేసుకున్నాడు, డిపోర్టేషన్ మెడకు చుట్టుకుంది. ఆయన కేసులోనే 2010లో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం విడిచిపోవాల్సి రావచ్చన్న సంగతి క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత అని తేల్చింది. ఆ హక్కు నీకూ ఉంది, అడుగు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను, పేరు వద్దు. డాలస్‌లో ఉద్యోగం, హెచ్-1బీ. లాంగ్ వీకెండ్‌కు కారులో కొలరాడో వెళ్లి వస్తున్నారు. టెక్సాస్‌లో అమరిల్లో దాటాక, 287 హైవే మీద, స్పీడు ఎక్కువైందని పోలీసు ఆపాడు. గ్లోవ్ బాక్సులో ఇన్సూరెన్స్ కాగితం తీస్తుంటే, కొలరాడోలో కొన్న వేప్ పెన్ను (గంజాయి నూనెను ఆవిరిగా పీల్చే గొట్టం) జారి కాళ్ల దగ్గర పడింది. బొటనవేలంత ఉంటుంది అది. టెక్సాస్‌లో ఆకు గంజాయి 2 ఔన్సుల లోపు అయితే మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం, 180 రోజుల వరకు జైలు. అదే నూనెగా, వేప్‌గా, గమ్మీగా ఉంటే వేరే జాబితా కిందికి వస్తుంది. గ్రాము లోపు అయినా ఫెలనీ, అంటే పెద్ద నేరం. పైగా తూచేటప్పుడు లోపలున్న మందును మాత్రమే తూచరు, కలిపిన నూనె, చక్కెర, జెలటిన్ అన్నీ కలిపే తూస్తారు. ఇక పది గమ్మీల డబ్బా సంగతి నువ్వే ఊహించు. ఆ కుర్రాడి కేసు తగ్గించి ముగించేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోపు వీసా రద్దయినట్టు ఈమెయిలు వచ్చింది. అమెరికాలో ఉండొచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ బయటికి వెళితే తిరిగి రావడం కుదరదు. పెంచిన అమ్మమ్మ పోతే వీడియో కాల్‌లో చూశాడు. కొన్న షాపులో అంతా సక్రమంగానే జరిగింది, ఐడీ చూశారు, రసీదు ఇచ్చారు. ఆ రసీదు ఇంకా నా ఫైల్లో ఉంది.

రాష్ట్రం దాటడమంటే అంత దూరం కూడా అక్కర్లేదు నీకు. గ్రోవ్ స్ట్రీట్‌లో పాత్ ట్రైను ఎక్కితే కొన్ని నిమిషాల్లో మన్‌హట్టన్. రెండు వైపులా లీగలే. కానీ జేబులో పెట్టుకుని నది కింది నుంచి దాటితే రాష్ట్ర సరిహద్దు దాటించినట్టు, అది ఫెడరల్ నేరం. అలా పట్టుకోవడం అరుదే, కానీ పట్టుకున్నవాళ్లకు "లీగల్" అనే సమాధానం లేదు. అలాగే నేషనల్ పార్కులు. యోసెమిటీ కాలిఫోర్నియాలో ఉంది, రాకీ మౌంటెన్ కొలరాడోలో ఉంది, కానీ గేటు దాటాక నేల కేంద్రానిది. అక్కడ రేంజరు చేతికి దొరికితే మొదటిసారికే ఏడాది వరకు జైలు, కనీసం వెయ్యి డాలర్ల జరిమానా రాసుంది. యూనివర్సిటీ క్యాంపస్ కూడా అంతే. ఫెడరల్ నిధులు తీసుకునే ఏ కాలేజీ అయినా హాస్టల్లో గంజాయి ఒప్పుకోదు. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీవాళ్లు గంజాయి కోసం వెతకరు, కనబడితే మాత్రం పోలీసుకు అప్పగిస్తారు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి దేశమంతా లీగలే, కానీ నయాగరా దగ్గర వంతెన మీదుగా తెస్తే రెండు దేశాల్లోనూ నేరం.

మత్తులో కారు నడపడం గురించి ఒక్క మాట. అది ఏ రాష్ట్రంలోనూ లీగల్ కాదు. వాషింగ్టన్‌లో రక్తంలో మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. 2015 నుంచి స్టేట్ డిపార్ట్‌మెంట్ పద్ధతి ఏమిటంటే, డీయూఐ, అంటే మత్తులో బండి నడిపిన అరెస్టు కనబడితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేయొచ్చు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు తెగిపోయినప్పుడు, వాళ్లలో చాలామంది మీద ఉన్నది ఎప్పటిదో కొట్టేసిన చిన్న పోలీసు కేసే. కోర్టుల దయవల్ల తిరిగి వచ్చాయి గానీ, ఆ మూడు వారాలు ఆ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడినదాన్ని నేను.

ఉద్యోగం విషయం నువ్వు అడగలేదు, అయినా చెప్పాలి. ఓపీటీ గడువు దగ్గరపడి ఉద్యోగం దొరక్క, డిస్పెన్సరీ చైన్‌లో డేటా అనలిస్టు, సాఫ్ట్‌వేర్ అంటే చేరిపోతున్నవాళ్లున్నారు. తాగడం కన్నా ఇది ప్రమాదం. అమ్మకంలో చెయ్యి ఉంటే ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని అక్రమ రవాణాగా చూడొచ్చు, దానికి గ్రీన్ కార్డు దగ్గర వెయివర్ కూడా లేదు. 2019 ఏప్రిల్ 19న ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా రాసింది, రాష్ట్రంలో లీగలైనా గంజాయి పరిశ్రమలో పని చేయడం పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తనకు అడ్డం కావచ్చని. అదే ఏడాది డెన్వర్‌లో ఆ పరిశ్రమలో పనిచేసిన ఇద్దరు గ్రీన్ కార్డుదారులకు పౌరసత్వం నిరాకరించారని పత్రికల్లో వచ్చింది. వాళ్లు తాగినందుకు కాదు, జీతం తీసుకున్నందుకు. గ్యాస్ స్టేషన్లలో, వేప్ షాపుల్లో పనిచేసే మనవాళ్లు డెల్టా-8 లాంటి మత్తు సరుకును హెంప్ (టీహెచ్‌సీ తక్కువగా ఉండే గంజాయి మొక్క) పేరుతో అమ్ముతున్నారు. 2018 ఫార్మ్ బిల్లులోని సందు వల్ల అది నడిచింది. 2025 నవంబరులో కాంగ్రెస్ ఆ సందు మూసే చట్టం చేసి ఏడాది గడువు ఇచ్చింది. అరలో ఏముందో యజమానిని అడిగి తెలుసుకోమని వాళ్లకు చెప్పు.

ఇప్పుడు ఆ ఫ్రిజ్‌లో డబ్బా. నువ్వు పంపిన ఫొటోలో లేబుల్ పెద్దది చేసి చూశాను. పది ముక్కలు, ముక్కకు 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, డబ్బా మొత్తం 100. మామిడి రుచి. మూత తీస్తే మన రంగు జెల్లీ మిఠాయిలకూ దానికీ తేడా ఉండదు. నాన్నగారు నొప్పికి ఒకటి వేసుకుంటారు, గంటైనా ఏమీ తెలియదు, పనిచేయలేదని ఇంకొకటి వేసుకుంటారు. తిన్నది తలకెక్కడానికి ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది. బీపీ, షుగర్ మందులు వాడే మనిషికి గుండె దడ మొదలైతే, అర్ధరాత్రి డాక్టరుకు ఏం చెబుతారు?

అది ఆరోగ్యం. చట్టం ఇంకా గట్టిది. భారతదేశంలో మత్తుపదార్థాల మీద మన ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. అందులో గంజాయికి కిలో లోపు చిన్న మొత్తం, 20 కిలోల పైన వాణిజ్య మొత్తం అని తెలిసినవాళ్లు, "పది గమ్మీలే కదా, గ్రాముల్లోనే" అంటారు. కిలో లెక్క మొక్క పూతకు. గమ్మీలో ఉన్నది తీసిన టీహెచ్‌సీ, దాన్ని వేరే పదార్థంగా, కిలోల్లో కాకుండా గ్రాముల్లో లెక్కిస్తారు. హీరా సింగ్ కేసులో 2020లో మన సుప్రీంకోర్టు కూడా, కలిపిన పదార్థంతో సహా మొత్తం బరువునే చూడాలని చెప్పింది. చిన్న మొత్తమైనా జైలు ఉంది. విదేశం నుంచి తేవడం దానికదే వేరే సెక్షన్. ఇంకో సంగతి, ఈ చట్టం విదేశాల్లో ఉన్న భారత పౌరులకు కూడా వర్తిస్తుందని మొదటి సెక్షన్‌లోనే రాసుంది. డెన్వర్‌లో తిన్న గమ్మీకి ఎవరో వచ్చి కేసు పెడతారని కాదు, పాస్‌పోర్టు భారతదేశానిదైతే మన చట్టం కూడా మన వెంటే వస్తుందని తెలియాలి.

బ్యాంకాక్ నుంచి హైడ్రోపోనిక్ గంజాయి తెస్తూ శంషాబాద్‌లో పట్టుబడినవాళ్ల వార్తలు చూస్తూనే ఉన్నావు. థాయ్‌లాండ్‌లో 2022లో వదిలేసి, 2025 జూన్‌లో మళ్లీ డాక్టరు చీటీ ఉంటేనే అని బిగించారు. అక్కడి దుకాణంలో కొన్న రసీదు ఇక్కడి కస్టమ్స్ దగ్గర ఎందుకూ పనికిరాదు. గంజాయి మొక్క నుంచే తీసే, మత్తు ఇవ్వని సీబీడీ నూనె అయితే ఫర్వాలేదా అని అడుగుతావేమో. టీహెచ్‌సీ లేదని సీసా మీద రాసినంత మాత్రాన ల్యాబులో లేనట్టు కాదు. మోకాళ్లకు రాసుకునే మామూలు నొప్పి జెల్ ఇక్కడ ఏ ఫార్మసీలోనైనా దొరుకుతుంది, రెండు ట్యూబులు అదే తీసుకెళ్లు.

ఇన్‌స్టా ఫొటో గురించి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ వాళ్ల, వాళ్ల కుటుంబాలకు ఇచ్చే హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు, అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. విద్యార్థులకు అదే ఏడాది జూన్ నుంచే ఉంది. ఇప్పుడు కంగారుపడి అర్ధరాత్రి కూర్చుని అన్నీ తుడిచేయకు. ఫారంలో ఏం రాయాలన్నదీ ఆ ఫొటో ఏం చేయాలన్నదీ ఒకదానికొకటి ముడిపడిన ప్రశ్నలు, రెండూ ఒకే లాయరు ముందు ఒకేసారి పెట్టు. ఇకముందు మాత్రం పచ్చ ప్లస్ గుర్తు ఉన్న షాపు ముందు ఫొటోలు వద్దు. రేపు ఇక్కడ దిగాక పోర్ట్ ఆఫ్ ఎంట్రీలో ఫోను తీసుకుని వాట్సాప్ గ్రూపులు చూసే అధికారం కూడా వాళ్లకుంది. ఎవరైనా సూటిగా అడిగితే అబద్ధం చెప్పకు. లాయరుతో మాట్లాడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేనని మర్యాదగా అనొచ్చు. దానివల్ల వెనక్కి పంపే ప్రమాదం ఉంటుంది, ఆలస్యం జరుగుతుంది. అయినా అబద్ధం వల్ల పడే జీవితకాల నిషేధంతో పోలిస్తే అది కోలుకోగల దెబ్బ.

రూమ్మేట్‌తో ఇవాళే మాట్లాడు. లీజు మీద నీ పేరు కూడా ఉందన్నావు కాబట్టి, ఆ డబ్బా వాడిది మాత్రమే అని రేపు నిరూపించడం నీకు తలనొప్పి. వాడు పౌరుడైతే వాడిష్టం, వాడి గదిలో పెట్టుకోమను. వాడూ మనలాంటివాడే అయితే ఇది వాడికి చదివి వినిపించు. స్టాంపింగ్ తేదీకి కనీసం ఆరు వారాల ముందు లాయరు అపాయింట్‌మెంట్ తీసుకో. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్-1బీ అప్రూవల్ కాగితం), కాలేజీ ఇచ్చిన పాత ఐ-20లు, డెన్వర్ ట్రిప్ తేదీలు, ఎప్పుడైనా పోలీసు ఆపి ఉంటే ఆ కాగితం, ట్రాఫిక్ టికెట్ అయినా సరే, అన్నీ పట్టుకెళ్లు. ఏ ప్రశ్నలు అడగాలో తోచకపోతే నాకు రాయి, రాసిస్తాను. సూట్‌కేసు సర్దేటప్పుడు మాత్రం నువ్వే సర్దుకో, ఇంకొకరు ఇచ్చిన పార్సిల్ ఏదైనా విప్పి చూడకుండా పెట్టకు.